‘అనుమతించినట్లే’ అంటే అనుమతించారనా?

సందేహం: ఒక షాపింగ్ మాల్‌లో, తాకితే దారి చూపించే తెర కింద చిన్న అక్షరాలతో ‘ఈ తెర ముందు నిలబడితే, మీ ముఖాన్ని చిత్రీకరించడానికి మీరు అనుమతించినట్లే’ అని ఉంది. ఇక్కడ ‘అనుమతి’ సరైన మాటేనా? ‘అంగీకారం’ అనాలా, ‘సమ్మతి’ అనాలా?

సమాధానం: ‘అనుమతి’ తప్పేమీ కాదు. కాదనే హక్కు ఉన్నవారు ఇచ్చేది అనుమతి. ఎదుటివారు అడిగినదానికి ఒప్పుకోవడం అంగీకారం. ‘సమ్మతి’లో విషయం తెలిసి మనసారా ఒప్పుకున్న ధ్వని వస్తుంది. ఇక్కడికి నేనైతే ‘సమ్మతి’ వాడతాను.

కానీ నాకు అభ్యంతరం ఆ చివరి ‘నట్లే’ మీద. ‘పని అయింది’ అంటే అయిపోయింది. ‘పని అయినట్లే’ అంటే ఇంకా కాలేదు, అయిందనే అనుకోండి అని. ‘ఉద్యోగం వచ్చినట్లే’ అంటున్నవారి చేతికి ఆర్డరు ఇంకా అందలేదు. అలాగే ‘అనుమతించినట్లే’ అని రాసినవారు, మీరు అనుమతించలేదని ఆ మాటతోనే ఒప్పుకుంటున్నారు. అటుగా వెళ్లే పిల్లలకు, చదవడం రానివారికి ఆ బోర్డు ఉన్నా లేనట్టే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కెనడాలో 12 మాల్స్‌లో ఇలాంటి తెరల్లోనే కెమెరాలు పెట్టి, సుమారు 50 లక్షల ముఖాల చిత్రాలు సేకరించారని అక్కడి గోప్యతా కమిషనర్లు 2020లో తేల్చారు. తలుపులకు స్టిక్కర్లు అంటించాం కదా అన్నది నిర్వాహకుల వాదన. అది సమ్మతి కిందికి రాదన్నారు కమిషనర్లు. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టమైతే మౌనం సమ్మతి కాదని స్పష్టంగా చెబుతుంది.

‘మౌనం అర్ధాంగీకారం’ అని మనకు సామెత ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ సామెత కూడా సగమే ఇస్తోంది. అదైనా ప్రశ్న విన్న మనిషి మౌనానికి. అసలు అడగనే అడగకపోతే ఆ సగం కూడా ఎక్కడిది?

కాబట్టి ఒక్క మాట మారిస్తే సరిపోదు, వాక్యమే మార్చాలి: ‘ఈ తెరలో కెమెరా ఉంది. మీకు సమ్మతమైతేనే ఈ బటన్ నొక్కండి. నొక్కకపోయినా తెర దారి చూపిస్తుంది, కెమెరా పనిచేయదు.’ ఇవి పెద్ద అక్షరాలతో, కంటికి ఎదురుగా ఉండాలి. చివరి మాట నిజమైతేనే రాయాలి.

అన్నట్టు, ‘అర్ధాంగీకారం’లో ‘ధ’ రాయాలి. చాలామంది ‘థ’ రాస్తున్నారు. ‘అర్థం’ వేరు, సగమనే ‘అర్ధం’ వేరు.