1880 తర్వాత కనబడని అయోవా పూర్వీకుణ్ణి ఎక్కడ వెతకాలి?

మీ అత్తింటివారి పెద్దాయన 1880 జనాభా లెక్కల్లో అయోవా రైతుగా కనబడి, మళ్ళీ 1900లోనే తేలారని, మధ్య ఇరవై ఏళ్ళ ఆచూకీ దొరకడం లేదని అడిగారు. మా ఆయన ముత్తాతగారి నాన్న విషయంలో నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. వెతకడంలో మీ లోపమేమీ లేదండీ. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1890 లెక్కల కాగితాలు చాలావరకు పాడయ్యాయి. మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే తీసి పారేసింది.

అయితే అయోవా రాష్ట్రం 1885లో, 1895లో సొంతంగా జనాభా లెక్కలు తీయించింది. వంశచరిత్ర రికార్డులుండే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో వాటిని ఉచితంగా చూడొచ్చు. 1885 పుస్తకంలో ఆ కుటుంబం ఏ టౌన్‌షిప్‌లో, ఏ సెక్షన్‌లో ఉండేదో రాసి ఉంటుంది. మనకు సర్వే నంబరు ఎలాగో అలాగన్నమాట. మాకు అదే ప్రాణం పోసింది. ఎందుకంటే ఆ కౌంటీలో అదే పేరుతో ఇద్దరున్నారు, ఇద్దరూ ఒహాయోలో పుట్టినవాళ్ళే. ఎనిమిది నెలలపాటు నేను వేరే ఆయన పిల్లల్ని మా వంశవృక్షంలో రాసుకుంటూ పోయాను. చివరికి సెక్షన్ నంబరు పట్టుకుని కౌంటీలో పాత దస్తావేజు తీయిస్తే, పొలం అమ్మిన కాగితంలో భార్య పేరు కూడా ఉంది. మా మనిషెవరో అప్పుడు తేలింది.

1895 లెక్కల్లో అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) పనిచేసినవారి రెజిమెంటు, అంటే ఏ సైనిక దళమో కూడా రాశారు. మీ పెద్దాయనకు అది ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ (జాతీయ అభిలేఖాగారం) నుంచి ఆయన సైనిక పింఛను ఫైలు తెప్పించుకోండి. భర్త పోయాక వితంతువు పింఛను అడిగితే పెళ్ళయిందని రుజువు చూపాలి. పెళ్ళి కాగితం లేనివాళ్ళు ఇరుగుపొరుగువారి చేత ప్రమాణపత్రాలు ఇప్పించేవారు. మా ఫైల్లో, పెద్దబ్బాయి పుట్టినప్పుడు పురుడు పోసింది తానేనని పక్క పొలం ఆవిడ చెప్పి, సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టింది. అది చదివి వినిపిస్తుంటే మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. జనాభా లెక్కల్లో ఆ పూర్వీకుడి వయసు, వృత్తి మాత్రమే తెలిశాయి. కీళ్ళ నొప్పులతో ఏ ఏడు నాగలి పట్టడం మానేశారో పొరుగువాళ్ళ మాటల్లోనే తెలిసింది.

ఫైలు అడిగేటప్పుడు భార్య పేరు కూడా తప్పకుండా రాయండి. కొన్ని కాగితాలు కాకుండా మొత్తం ఫైలు కావాలని స్పష్టంగా చెప్పండి.