మూడు రోజుల సర్టిఫికెట్‌తో సైకాలజిస్ట్ అవ్వలేవు తల్లీ

కరీంనగర్ నుంచి ఇంటర్ సెకండియర్ హెచ్ఈసీ అమ్మాయి అడిగింది. సైకాలజీ చదవాలనుంది, నాన్నేమో పిచ్చి డాక్టర్ అవుతావా అంటున్నారు, మూడు రోజుల్లో ఎదుటివాళ్ల బిహేవియర్ మార్చే టెక్నిక్స్ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామని ఆన్‌లైన్‌లో ఒకళ్లు 15 వేలు కట్టమంటున్నారు, చేరనా అని.

ముందు ఆ డబ్బులు కట్టకు తల్లీ, ఎందుకో ఒక కథతో చెప్తా. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్ట్, కుందేలంటే వణికిపోయే మూడేళ్లు కూడా నిండని పీటర్ అనే పిల్లాడి భయం పోగొట్టింది. మొదట కుందేలంటే భయం లేని పిల్లల మధ్య వాణ్ణి ఆడనిచ్చింది, కాస్త కుదురుకున్నాడు, అంతలో జబ్బు చేసి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు, బయటికొస్తుంటే పెద్ద కుక్క మీదికొచ్చి భయమంతా మళ్లీ మొదటికొచ్చింది. ఆవిడ వదల్లేదు. వాడు ఇష్టమైనది తింటుంటే బోనులో కుందేలుని దూరంగా పెట్టి, వాడు ఇబ్బంది పడకపోతేనే ఇంకాస్త దగ్గరికి తెచ్చేది. అలా అలా చివరికి వాడే దాన్ని నిమిరాడు. ఇప్పుడు ఫోబియాలకి, అంటే అతి భయాలకి చేసే ఎక్స్‌పోజర్ థెరపీ కూడా ఇలాగే, భయపడేదాన్ని కొద్దికొద్దిగా దగ్గర చేస్తూ పని చేస్తుంది. మనిషి మారడమంటే ఇంత ఓపిక, మధ్యలో వెనక్కి జారడం కూడా మామూలే, అది మూడు రోజుల్లో ఎవరూ నేర్పలేరు. ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ తెచ్చిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) కూడా అంతే, "నేను ఫెయిలైపోతా" అనే ఆలోచనని పేపర్ మీద రాయించి దానికి రుజువేంటి అని వారం వారం కూర్చోబెట్టి అడగాలి.

నాన్నగారికి ఇలా చెప్పు. మందులు రాసేది సైకియాట్రిస్ట్, దానికి ఎంబీబీఎస్ కావాలి. సైకాలజిస్ట్‌కి నీట్ అక్కర్లేదు, నీ హెచ్ఈసీతోనే బీఏ సైకాలజీలో చేరొచ్చు, తర్వాత ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో పీజీ. క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే మాత్రం ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ అవ్వాల్సిందే. ఆ కోర్సుల రూల్స్ ఈమధ్య మారుతున్నాయి కాబట్టి ఫీజు కట్టేముందు కాలేజీ పేరు ఆర్‌సీఐ వెబ్‌సైట్ లిస్టులో ఉందో లేదో నువ్వే చూసుకో, కాలేజీ వాళ్ల మాట నమ్మకు. స్కూల్ కౌన్సిలర్, హెచ్ఆర్ దారులూ ఉన్నాయి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, దాచను.

ఇంకోటి, సైకాలజీలో స్టాటిస్టిక్స్ తప్పదు, నీకేమో ఇంటర్‌లో మ్యాథ్స్ లేదు. పరీక్షలవ్వగానే సెలవుల్లో సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) దగ్గర మొదలుపెట్టు, రోజూ అరగంట చాలు.