బాస్ చేప సంగతి తర్వాత, ముందు బ్లూగిల్ పట్టండి

"టెక్సాస్‌లోని రౌండ్ రాక్‌కి కొత్తగా వచ్చాం, ఇంటి వెనకే బ్రషీ క్రీక్ అనే వాగు. బాస్ చేప పట్టాలంటే ఏ రాడ్డు, ఏ లూర్ (బొమ్మ ఎర) కొనాలి?" అని ఒకరు అడిగారు. ఏడేళ్లుగా ఆ గట్టు మీద తిరుగుతున్నదాన్ని. నా మాట వింటే ఇప్పట్లో బాస్ జోలికి పోకండి. చిన్న స్పిన్నింగ్ రాడ్డు, 4 పౌండ్ల లైను, 8 లేదా 10 నంబరు చిన్న హుక్కు, ఒక బెండు, డబ్బాడు వానపాములు. ఇంతే కొనండి, బ్లూగిల్ అనే చిన్న చేపని పట్టండి. దాని నోరు చిన్నది. పెద్ద హుక్కు వేస్తే ఎర కొరుక్కుని పోతుంది, మీరేమో ఇక్కడ చేపల్లేవనుకుంటారు. వీడియోలు చూసి రబ్బరు కప్పలతో మొదలుపెట్టినవాళ్లంతా రెండు నెలల్లో రాడ్డు గరాజ్‌లో పడేసినవాళ్లే.

నాకు అసలు చేపలు పట్టడం వచ్చింది మా నాన్న ఇక్కడికి వచ్చిన మే నెలలో. మాది బందరు కాలువ పక్క ఊరు. చిన్నప్పుడు అన్నయ్యల్ని గాలానికి తీసుకెళ్లేవాడు, నన్ను మాత్రం "ఆడపిల్లకి కాలువ గట్టు మీద పనేంటి" అని ఇంట్లో ఉంచేవాడు. అందుకే ఆయనకి ఒక్కరోజు ఫిషింగ్ లైసెన్సు తీసి మరీ నేనే తీసుకెళ్లాను. ఊరికి రౌండ్ రాక్ అన్న పేరు తెచ్చిన ఆ గుండ్రటి బండ దగ్గర్నుంచి కాస్త కిందికి నడిచాం.

మోకాలి లోతు నీళ్లలో, గులకరాళ్ల మీద, ఇడ్లీ రేకులో గుంటల్లా పక్కపక్కనే గుండ్రటి గుంటలు. ఒక్కోటి అన్నం కంచమంత. ప్రతి గుంట మీదా ఒక చేప తోకాడిస్తూ నిలబడి ఉంది. ఎర వెయ్యడం ఆలస్యం, లాగేసింది. అరచెయ్యంత మగ బ్లూగిల్, రొమ్ము దగ్గర నారింజ రంగు మెరుస్తోంది. నేను ఫోను తీసి ఫొటో కోసం చూస్తుంటే నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, అటు చూడు" అన్నాడు. అది ఖాళీ చేసిన గుంటలోకి నాలుగు చిన్న చేపలు దూరి అడుగున పొడుచుకు తింటున్నాయి. "గుడ్లమ్మా అవి. దాన్ని వదిలెయ్ ముందు."

చెయ్యి తడుపుకుని నీళ్లలో వదిలాను. సూటిగా తన గుంటకే పోయింది, ఆ నాలుగింటినీ తరిమింది.

నాన్న అప్పుడు కొరమీను సంగతి చెప్పాడు. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి మీద తేలుతుంటే కింద పెద్ద చేప ఉన్నట్టే. అక్కడ కప్ప ఎర వేస్తే ఎవడికైనా పడుతుంది. "కానీ దాన్ని పట్టినవాడు పిల్లలన్నిట్నీ చంపినట్టే" అన్నాడు. పిల్లల్ని కాసేది తల్లే అనుకున్నాడాయన. ఇక్కడ బ్లూగిల్‌లోనూ బాస్‌లోనూ గూడు కాసేది తండ్రి అని చెప్తే చాలాసేపు ఆ గుంటలకేసే చూస్తూ కూర్చున్నాడు.

బాస్ వద్దని నేననేది ఇందుకే. మన టెక్సాస్ వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అవి గూళ్ల మీదుంటాయి. కళ్లకి కనిపిస్తూ కదలకుండా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకి అప్పుడే దొరుకుతాయి. చట్టం దాన్ని ఆపదు, నిజమే. కానీ తండ్రిని పైకి లాగిన ఐదు నిమిషాల్లో నేనిందాక చెప్పిన ఆ బ్లూగిల్లే వచ్చి గుడ్లు తినేస్తాయి. దగ్గర్లోని శాన్ గేబ్రియల్ నదిలో గ్వాడలూప్ బాస్ ఉంటుంది, 1989 నుంచి అది టెక్సాస్ రాష్ట్ర చేప. బయటి నుంచి తెచ్చి వదిలిన స్మాల్‌మౌత్ బాస్‌తో కలిసి దాని జాతే కల్తీ అయిపోయే పరిస్థితి వచ్చింది. అలాంటిదాన్ని గూడు మీద పట్టి ఫొటో పెట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో బాధ. మన గ్రూపుల్లో "లైసెన్సు ఎవరు చూస్తార్లే" అంటుంటారు. 17 ఏళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు, స్టేట్ పార్కు లోపల గట్టు మీంచి పడితే పెద్దలకీ అక్కర్లేదు, బ్రషీ క్రీక్ లాంటి చోట్ల తీసుకోవాల్సిందే. లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు లేకపోతే తిరిగి వదలాలి. తెగిన లైను కొమ్మలకి వదిలెయ్యకండి, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది. వెళ్లినప్పుడల్లా గుప్పెడు ఏరుకొస్తున్నాను.

తినొచ్చా అంటారేమో, బ్లూగిల్ నిక్షేపంగా తినొచ్చు, దానికి సైజు నిబంధన లేదు. ఆరోజు నాన్న గుంటలు వదిలేసి పెకాన్ చెట్టు నీడన లోతు నీళ్లలో బెండు వేశాడు. ఆరు పడ్డాయి. ముళ్లెక్కువ కాబట్టి పులుసు కన్నా వేపుడే బాగుంటుంది. పట్టుకునేటప్పుడు వీపు ముల్లు గుచ్చుకోకుండా తల వైపు నుంచి అరచేత్తో వెనక్కి అణచండి.

మీకు ఆడపిల్లలుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. బెండు మొదట అడుగున్నర లోతుకి కట్టండి, అరగంటలో ఏదీ తగలకపోతే ఎరని ఇంకో అడుగు లోతుకి దించండి.