కళింగ పేరు ‘కెలింగ్’ ఎలా అయింది?

ప్రాచీన కళింగ దేశాన్ని వేర్వేరు భాషలవారు ఏమని పిలిచారు, మలయ్ భాషలోని ‘కెలింగ్’ అనే మాట ఆ పేరు నుంచే వచ్చిందా అని అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: అవును, అక్కడి నుంచే వచ్చింది. మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న పల్లె. ఉద్యోగరీత్యా నాలుగేళ్లు మలేషియాలోని పెనాంగ్‌లో ఉన్నాను కాబట్టి ఈ పేరును ఇటూ అటూ కూడా దగ్గరగా చూశాను.

మా ఏరు సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉంది. ఎగువన ఉన్న ముఖలింగమే తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. ఈ పేరును తెలుగువాళ్లం, ఒడియావాళ్లు ‘ళ’తో పలుకుతాము, సంస్కృతంలో మాత్రం ‘ల’తో ‘కలింగ’ అని రాస్తారు. అశోకుడి 13వ శిలాశాసనం ప్రాకృతంలో ఉంది. నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ బండ మీద ఖరోష్ఠీ లిపిలో ఈ పేరు సున్న లేకుండా ‘కలిగ’ అని కనిపిస్తుంది. అశోకుడు కళింగ మీద చేసిన యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నరమందిని తరలించుకుపోయారని చెప్పే ఆ శాసనం మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది గాని, కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ బండల మీద లేదు. ఓడిపోయిన ప్రజల కళ్లముందు ఆ లెక్క చెక్కించడానికి అశోకుడికి మనసు ఒప్పలేదేమోనని నాకు అనిపిస్తుంది. ఆ నేల మీదే తరువాత ఖారవేలుడు భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫా శాసనంలో తనను కళింగాధిపతిగా చెప్పుకున్నాడు. క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ లాటిన్‌లో ‘కలింగే’ అని రాసినది దేశాన్ని గురించి కాదు, సముద్రతీరాన ఉండే జనాన్ని గురించి.

తమిళంలో ఈ పేరుకు మరో అర్థం కూడా కలిసింది. ప్రాచీన తమిళ కావ్యాల్లో ‘కలింగం’ అంటే వస్త్రం. కళింగ నుంచి వచ్చిన నేతబట్టకు ఊరి పేరే నిలిచిపోయిందని పండితులు చెబుతారు. మనం కూడా వెంకటగిరి కట్టుకున్నానని, ఉప్పాడ కొన్నానని అనే తీరు ఇదే కదా.

ఇక మలయ్ సంగతి. ఆ భాషవాళ్ల నోట మొదటి అక్షరంలోని అకారం తేలిపోయి, చివరి అచ్చు రాలిపోయి ‘కెలింగ్’ మిగిలింది. కంబోడియావాళ్ల ఖ్మేర్ భాషలో మొదటి అచ్చు కూడా పోయి ‘క్లింగ్’కు దగ్గరగా వినబడుతుంది. మలక్కా సుల్తానుల చరిత్ర చెప్పే ‘సెజారా మెలాయు’లో ‘బెనువా కెలింగ్’, అంటే కెలింగ్ దేశం, గౌరవంగానే కనిపిస్తుంది; దానికి రాజు ఉన్నాడు, ఓడలు ఉన్నాయి. అయితే అప్పటికే ఆ మాట ఒక్క కళింగకు కాక బంగాళాఖాతం దాటి వచ్చిన దక్షిణాది వాళ్లందరికీ వర్తించింది. పెనాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు తమిళ ముస్లిం వర్తకుల పెద్ద పేరు మీద వెలిసింది గాని, అతనికి వంశధారతో ఏ సంబంధమూ లేదు.

ఆ మసీదు బోర్డు మొదటిసారి చూసినప్పుడు నేను సంతోషం పట్టలేక “ఇది మన కళింగే!” అని గట్టిగా అన్నాను. పక్కనే మా వాటా పక్క వాటాలో ఉండే పెద్దావిడ ఉన్నారు. ఆవిడ తాతముత్తాతలు విజయనగరం వైపు నుంచి బాగాన్ దతోక్ కొబ్బరి తోటల్లో పనికి వెళ్లినవారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, “బాబూ, ఆ మాట ఇక్కడ పైకి అనకండి, బడిలో మమ్మల్ని అలా పిలిచే ఏడిపించేవారు” అన్నారు. రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లను ఉద్దేశించి వాడి వాడి ఆ మాట తిట్టుగా మారింది. ఇప్పుడు అక్కడి భారతీయులు దాన్ని అవమానంగానే భావిస్తారు. మసీదు పేరులో, మలక్కా దగ్గరి తంజుంగ్ కెలింగ్ వంటి ఊరి పేర్లలో తప్ప మనిషిని ఉద్దేశించి వాడకూడదు. మూలం గొప్పదైనంత మాత్రాన విన్నవాళ్ల నొప్పి తగ్గదు కాబట్టి, మలేషియా వెళ్లే తెలుగువాళ్లు ఈ జాగ్రత్త తప్పక పాటించాలని కోరుతున్నాను.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. ఫిలిప్పీన్స్‌లో కళింగ అనే రాష్ట్రం ఉంది, కానీ ఆ పేరు అక్కడి భాషల్లో తలలు నరికే శత్రువును సూచించే మాట నుంచి వచ్చింది. ధ్వని కలిసినంత మాత్రాన మన కళింగతో ముడిపెట్టకండి.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు శ్రీకాకుళం బస్టాండులో కళింగపట్నం బస్సు బోర్డు ఫోటో తీసి ఆ పెద్దావిడకు పంపాను. ఆవిడకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. ఫోన్ చేసి ఒక్కొక్క అక్షరమూ చదివి వినిపించమన్నారు, నేను చెప్పినది చెప్పినట్టు రెండుసార్లు పలికారు. ‘ళ’ మాత్రం ఆవిడ నోట ‘ల’గానే వచ్చింది.