ఎఫ్‌ఐవీ సోకిన గండు పిల్లిని ఇంట్లో ఉంచుకోవచ్చా?

మీ మూడేళ్ల గండు పిల్లికి రక్తపరీక్షలో ఎఫ్‌ఐవీ, అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్, ఉన్నట్టు తేలిందని, ఇంట్లో ఆరేళ్ల పాప, ఇంకొక ఆడ పిల్లి ఉన్నందువల్ల దాన్ని ఊరి బయట వదిలేసి రమ్మని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారని రాశారు, అది ఎన్నాళ్లు బతుకుతుందని కూడా అడిగారు. హన్మకొండలోని మా ఇంట్లో రాయుడు అనే గండు పిల్లి ఇదే వ్యాధితో ఐదేళ్లుగా ఉంటున్నాడు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా, దయచేసి దాన్ని వదిలేయకండి. బయటికి వెళ్లిన గండు పిల్లి కొట్లాడుతుంది, కరుస్తుంది, వ్యాధిని నాలుగు పిల్లులకు అంటిస్తుంది, తానూ తొందరగా పోతుంది. ఇంట్లో కనిపెట్టుకుని చూసుకుంటే మాత్రం ఏళ్ల తరబడి మామూలుగా బతకగలదు.

పాప గురించి భయపడవద్దు. ఈ వైరస్ పిల్లి జాతి జంతువులకే పరిమితం, మనుషులకు సోకదు. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒకేచోట పెరుగుతున్న పిల్లుల్లో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో అనే పరిశోధకులు దీన్ని గుర్తించారు. ఇది హెచ్‌ఐవీకి దగ్గరి కుటుంబానికి చెందినది, పేరు కూడా దాదాపు అలాగే ఉంటుంది. అందుకే డాక్టర్ గారి నోట ఆ మాట వినగానే మా అత్తమ్మ వారం రోజులు పిల్లలను రాయుడి దరిదాపులకు పోనివ్వలేదు. ఆమె భయం తీరడానికి డాక్టర్ గారే కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది, మీ పెద్దవాళ్లను కూడా ఒకసారి వెంట తీసుకువెళ్లండి. పిల్లి కరిచినప్పుడు మాత్రం, ఈ వ్యాధి ఉన్నా లేకపోయినా, గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

క్లినిక్‌లో కిట్‌తో చేసే పరీక్ష వైరస్‌ను నేరుగా చూపదు, దానికి ఎదురుగా శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలను పట్టుకుంటుంది. అందువల్ల పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న పిల్లికి పాజిటివ్ వస్తే మరొక పద్ధతిలో నిర్ధారించుకోవడం అవసరం. సాధారణంగా పిల్లులకు వచ్చే మరో వైరస్ వ్యాధి అయిన ఫెలైన్ లుకేమియా పరీక్ష కూడా దీనితోపాటే చేస్తారు, ఆ ఫలితం ఏమిటో తప్పకుండా అడగండి. లుకేమియా వైరస్ ఒకదాన్నొకటి నాకడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల కూడా సోకుతుంది. ఎఫ్‌ఐవీ ప్రధానంగా లోతైన పంటి గాటు ద్వారా పాకుతుంది. ఏది ఉందో తెలియకుండా ఇంట్లో ఏర్పాట్లు చేయలేరు.

రాయుడికి వ్యాధి సోకింది కూడా కొట్లాటల్లోనే. రాత్రంతా గల్లీ గోడల మీద తిరిగి, తెల్లవారి చెంప మీద చీముగడ్డతో వచ్చేవాడు. పరీక్షలో తేలిన నెలకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కిటికీలకు, బాల్కనీకి ఇనుప జాలీ కొట్టించాము. దోమల జాలీని ఒక్క పూటలో చింపేశాడు, ఆ పొరపాటు మీరు చేయకండి. మొదటి మూడు వారాలు తలుపు దగ్గర కూర్చుని ఏడ్చాడు, ఆ ఏడుపు విని జాలిపడి తలుపు తీయకపోవడమే మాకు అన్నింటికంటే కష్టమైంది.

ఈ వ్యాధిలో ప్రాణం తీసేది చాలాసార్లు వైరస్ కాదు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వచ్చిపడే ఇతర జబ్బులను మనం ఆలస్యంగా గమనించడం. మాకు అది నోటితో మొదలైంది. రాయుడు ఆకలిగా గిన్నె దగ్గరికి వచ్చి, ముక్క నోట పెట్టుకోగానే కీచుమని అరిచి వెనక్కి దూకేవాడు. ముంగాలితో మూతి గీరుకునేవాడు. గడ్డం కింది తెల్ల వెంట్రుకలు చొంగతో తడిసి అట్టలు కట్టాయి. పెదవి ఎత్తి చూస్తే వెనక దవడ పళ్ల చుట్టూ చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, దూది తగిలితే చాలు నెత్తురు చిమ్ముతున్నాయి. దగ్గరలోని ఒక క్లినిక్‌లో నెలకొకటి చొప్పున నాలుగు నెలలు స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. ఇచ్చిన వారం తినేవాడు, తరువాత మళ్లీ మొదటికి వచ్చేది. స్టెరాయిడ్లు అసలే బలహీనంగా ఉన్న రోగనిరోధక శక్తిని ఇంకా అణచివేస్తాయని మాకు ఎవరూ చెప్పలేదు. చివరికి కారు మాట్లాడుకుని హైదరాబాద్ తీసుకువెళ్లి దవడ పళ్లన్నీ తీయించాము. రెండు వారాలు ఉడికించిన చికెన్‌ను మెత్తగా రుబ్బి సిరంజితో పట్టించాను, మూడో వారం తనంతట తానే గిన్నె నాకాడు. పళ్లు లేకపోతే ఎలా తింటాడని మీరు అనుకోవచ్చు, కానీ నొప్పి పోయాక ముందుకంటే బాగా తింటున్నాడు. మీకు ఆ పరిస్థితి వస్తే మామునూరులోని పశువైద్య కళాశాలలో కూడా అడిగి చూడండి, వరంగల్ వాళ్లకు దగ్గర.

పచ్చి మాంసం, పచ్చి పాలు ఈ పిల్లులకు పెట్టకూడదు, వాటిలోని క్రిములను తట్టుకునే శక్తి వాటికి తక్కువ. చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన ముక్కలైనా ఉప్పు లేకుండా పూర్తిగా ఉడికించాలి. కూరలోని ముక్కను కడిగి పెట్టడం మన ఇళ్లలో అలవాటే గానీ, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఒళ్లు కాలుతోందని ఒకసారి మా ఇంట్లో పారాసెటమాల్ సగం ముక్క చేసి వేయబోయారు, నేను చూసి ఆపాను. అది పిల్లి ప్రాణం తీసే మందు, ఎంత తక్కువైనా వద్దు. తామర వస్తే చీటీలో గ్రిసియోఫల్విన్ అనే మందు రాస్తున్నారేమో చూసుకుని, ఎఫ్‌ఐవీ ఉందని డాక్టర్‌కు గుర్తు చేయండి. ఈ పిల్లుల్లో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు.

ప్రతి ఆదివారం రాయుడిని బుట్టలో పెట్టి తూచి, బరువును నోటుపుస్తకంలో రాస్తాను. నోటి జబ్బు వచ్చిన ఏడాది 4 కిలోల 200 గ్రాముల నుంచి 3 కిలోల 600 గ్రాములకు దిగాడు, ఆ పుస్తకం అప్పటికే ఉండి ఉంటే రెండు నెలల ముందే మేలుకునేవాళ్లం. బరువు పదో వంతు తగ్గిందంటే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకొకసారి నోరు చూపించి రక్తపరీక్ష చేయించండి.

ఎన్నాళ్లు బతుకుతుందన్న ప్రశ్నకు ఎవరూ ఒక అంకె చెప్పలేరు, కానీ ఈ వ్యాధి ఉన్న పిల్లులు చాలావరకు లేని పిల్లులతో సమానంగానే బతుకుతున్నాయని మా డాక్టర్ గారు చెప్పారు. మీ ఆడ పిల్లికి కూడా పరీక్ష చేయించి, నెగెటివ్ వస్తే కనీసం 60 రోజుల తరువాత ఇంకొకసారి చేయించండి. ఆ రెండూ ఇన్నాళ్లూ కొట్లాడకుండా ఒకే మంచం మీద పడుకునేవైతే విడదీయనక్కర లేదు. గిన్నెల దగ్గర గుర్రుమనుకునేవైతే మాత్రం రెండు గదుల్లో రెండు గిన్నెలు పెట్టి, ఎవరూ ఇంట్లో లేనప్పుడు మధ్య తలుపు వేసి వెళ్లండి.