సరిపోతుందా, అమరుతుందా, పొసగుతుందా?

సందేహం: ఇంజిన్‌లో బయటి కంపెనీ క్యామ్‌షాఫ్ట్ (తిరుగుతూ వాల్వ్‌లను తెరిపించే ఇరుసు) వేసుకునేవాళ్లు రాకర్ ఆర్మ్‌లు (ఆ కదలికను వాల్వ్‌లకు అందించే మీటలు) ఎలా ఎంచుకోవాలో తెలుగులో రాస్తున్నాను. ‘ఈ రాకర్ ఆర్మ్ ఆ క్యామ్‌కు సరిపోతుంది’ అని రాస్తే, మిత్రుడు ‘సరిపడుతుంది’ అని దిద్దాడు. ఏది ఒప్పు?

సమాధానం: రెండూ తప్పు కావు. అయితే మీరు చెప్పదలచుకున్నది రెంటిలోనూ పూర్తిగా రాలేదు.

‘సరిపోవు’కు రెండు అర్థాలున్నాయి. ‘చొక్కా సరిపోయింది’ అంటే కొలత కుదిరిందని. ‘ఈ డబ్బు సరిపోతుంది’ అంటే చాలునని. మీ వాక్యం చదివినవాళ్లు రెండో అర్థం తీసుకుని, ‘రాకర్ ఒక్కటి మారిస్తే చాలు, వాల్వ్‌ను మూసే స్ప్రింగుల జోలికి పోనక్కర్లేదు’ అనుకోవచ్చు. ఇంజిన్ విషయంలో అది ప్రమాదం. ఇక ‘సరిపడు’ ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే వినిపిస్తుంది: ‘ఆ మందు నాకు సరిపడదు’, ‘వాళ్లిద్దరికీ సరిపడదు’. ‘సరిపడా’ అన్నామంటే మళ్లీ ‘చాలినంత’ అనే అర్థమే వస్తుంది.

మీకు అసలు కావలసినవి రెండు క్రియలు, అమరు, పొసగు. ఒక వస్తువు తన చోట చక్కగా కూర్చుంటే అమరినట్టు, ఉంగరంలో రాయిలాగా. పొసగడానికి మాత్రం ఇద్దరు ఉండాలి. ‘అన్నకూ తమ్ముడికీ పొసగదు’ అంటాం, ‘అతనితో నాకు పొసగదు’ అంటాం. ఒకరి తీరు ఇంకొకరి తీరుతో కలవాలన్నమాట.

మీ ఇంజిన్‌లోనే చూడండి. క్యామ్ లోబ్ (షాఫ్ట్ మీది ఉబ్బు) 8 మి.మీ. ఎత్తుతుందనుకుందాం. 1.5 నిష్పత్తి ఉన్న రాకర్, అంటే ఆ ఎత్తును ఒకటిన్నర రెట్లు చేసేది, వాల్వ్‌ను 12 మి.మీ. తెరుస్తుంది, 1.6 ఉన్నది 12.8 మి.మీ. తెరుస్తుంది. చాలా పుష్‌రాడ్ ఇంజిన్లలో (క్యామ్ కదలిక కడ్డీల ద్వారా రాకర్‌కు అందేవి) ఈ రెండు రకాలూ ఒకే స్టడ్ (రాకర్‌ను నిలిపే బోల్టు) మీద కూర్చుంటాయి. అంటే రెండూ అమరుతాయి. కాని కొత్త క్యామ్ లిఫ్ట్ (ఎత్తే దూరం) ముందే ఎక్కువైతే, ఆ పైన పెరిగిన 0.8 మి.మీ.కే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోవచ్చు, స్ప్రింగును పట్టి ఉంచే రిటైనర్ వెళ్లి వాల్వ్ కాడ దగ్గరి సీల్‌కు తగలవచ్చు, వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ చాలకపోవచ్చు. బోల్టు బిగిసింది, చూడ్డానికి అంతా బాగుంది, అయినా పొసగలేదు. తెలుగులో ఈ తేడాకు విడివిడిగా మాటలున్నాయని తలచుకుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. ‘సెట్ అయింది’ అనే మాట వాడుకలో బాగా నలిగింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే అమరిందా, పొసగిందా అన్నది అది చెప్పదు.

‘పొసగు’ మరీ పుస్తకాల మాటగా తోస్తే ‘జత కుదరదు’ అనండి, అదీ మంచి మాటే. శీర్షికకు ‘తగిన’ చాలు: ‘క్యామ్‌షాఫ్ట్‌కు తగిన రాకర్ ఆర్మ్‌లు’. రాకర్ ఆర్మ్‌ను అనువదించకుండా ఉంచి మంచి పని చేశారు. దానికి కొత్త తెలుగు పేరు పెడితే, పనిచేసేవాళ్లు మళ్లీ మిమ్మల్నే ‘అంటే ఏమిటి?’ అని అడుగుతారు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘1.6 రాకర్ ఈ స్టడ్ మీద అమరుతుంది. ఆ క్యామ్‌తో పొసగాలంటే స్ప్రింగులు, వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ కొలిచి చూసుకోవాలి.’