టర్న్‌టేబుల్‌ను బ్యాటరీతో నడపవచ్చా?

ప్రశ్న: రికార్డులు వినే నా టర్న్‌టేబుల్ బెల్టుతో తిరుగుతుంది, గోడ సాకెట్‌లో పెట్టే చిన్న అడాప్టర్‌తో నడుస్తుంది. పాటకూ పాటకూ మధ్య స్పీకర్లలో గుయ్యిమనే సన్నని శబ్దం వినిపిస్తోంది. అడాప్టర్ బదులు బ్యాటరీ వాడితే ఆ శబ్దం పోతుందని విన్నాను. నా దగ్గర 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. దాన్ని నేరుగా తగిలించవచ్చాండీ?

జవాబు: ముందు ఆ శబ్దం అడాప్టర్ నుంచే వస్తోందో లేదో తేల్చుకోండి. ప్లాటర్‌ను (రికార్డు పెట్టే పళ్లెం) ఆపి, సూదిని రికార్డు మీది నుంచి ఎత్తి, యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను మామూలుగా వినే స్థాయిలో ఉంచి, అడాప్టర్‌ను సాకెట్ నుంచి తీసివేయండి. అప్పటికీ శబ్దం అలాగే ఉంటే దోషం మరో చోట ఉన్నట్టే. ఎన్ని బ్యాటరీలు మార్చినా అది పోదు. సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులే, ఫోనో ప్రీయాంప్లిఫయర్ దాన్ని వంద రెట్లు పెంచుతుంది కనుక, ఎర్త్ తీగ స్క్రూ దగ్గర కాస్త వదులైనా, యాంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ కార్ట్రిడ్జ్‌కు దగ్గరగా ఉన్నా ఆ గుయ్యిమనే శబ్దం వినబడుతుంది. అయితే మీ టర్న్‌టేబుల్‌లోనే ప్రీయాంప్లిఫయర్ అమర్చి ఉంటే, అడాప్టర్ తీయగానే అది కూడా ఆగిపోతుంది కాబట్టి ఈ పరీక్షతో ఏదీ తేలదు. నిజానికి బ్యాటరీ వల్ల ఎక్కువ మేలు జరిగేది మోటారుకు కాదు, ఆ ప్రీయాంప్లిఫయర్‌కే అని నా అభిప్రాయం.

తరువాత అడాప్టర్ మీది అక్షరాలు చదవండి. దాని అవుట్‌పుట్ ఏసీ అని ఉంటే బ్యాటరీని ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా కలపవద్దు. అలాంటి టర్న్‌టేబుల్‌లో సాధారణంగా ఉండేది సింక్రనస్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది సరఫరాలోని 50 లేదా 60 హెర్ట్జ్ పౌనఃపున్యమే తప్ప వోల్టేజీ కాదు. డీసీ ఇస్తే అది తిరగదు సరికదా, కరెంటును అడ్డుకోవడానికి తీగచుట్ట నిరోధం తప్ప మరేదీ మిగలక వేడెక్కి పాడైపోతుంది.

అవుట్‌పుట్ 12 వోల్టుల డీసీ అయితే మీ ఆలోచన సాధ్యమే. పూర్తిగా ఛార్జ్ అయి కాసేపు ఊరకే ఉన్న బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు చూపుతుంది, వాడేకొద్దీ అది 12కు, ఆ కిందికి దిగుతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్ లోపలే ఉంటే ఈ తేడా పట్టించుకోదగినది కాదు. ఉందో లేదో తెలియకపోతే స్ట్రోబోస్కోప్ డిస్కుతో (వేగం సరిచూసేందుకు ప్లాటర్ మీద పెట్టే గీతల బిళ్ల) చూడండి. 50 హెర్ట్జ్ సరఫరాతో వెలిగే దీపం వెలుగులో నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 180 గీతల వలయం, 60 హెర్ట్జ్ అయితే 216 గీతల వలయం కదలకుండా నిలిచినట్టు కనిపించాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగం ఖర్చయ్యాక మరోసారి చూసి, తేడా ఉంటే వోల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ పెట్టాలి. ఇక్కడే చాలామంది తడబడతారు: 7812 వంటి మామూలు రెగ్యులేటర్ 12 వోల్టులు ఇవ్వాలంటే దానికి సుమారు 14 వోల్టులు అందాలి, కాబట్టి మీ బ్యాటరీతో అది పనిచేయదు. వోల్టేజీని పెంచే స్విచింగ్ కన్వర్టర్ పెడితే, వదిలించుకోవాలనుకున్న రొదను మరో రూపంలో తిరిగి తెచ్చుకున్నట్టవుతుంది. 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఐదింటిని వరుసగా కలిపిన 16 వోల్టుల ప్యాక్, దానికి రక్షణ సర్క్యూట్, తరువాత రెగ్యులేటర్ అనే అమరిక మేలు.

ఏ బ్యాటరీ అయినా ధన టెర్మినల్‌కు ఆనుకునే ఫ్యూజు ఉండి తీరాలి. మోటారు తీసుకునేది 200 మిల్లీ ఆంపియర్లే అయినా, తీగలు ఒకదానికొకటి తగిలితే చిన్న బ్యాటరీ కూడా తీగను కాల్చగలంత కరెంటు వదులుతుంది. ఈ మోటారుకు 1 ఆంపియర్ ఫ్యూజు సరిపోతుంది. ప్లగ్ మధ్య కొన ధనమా, ఋణమా అన్నది అడాప్టర్ మీది గుర్తును బట్టి నిర్ధారించుకుని, మల్టీమీటర్‌తో సరిచూశాకే కలపండి.

ప్రశ్న: వింటున్నప్పుడు ఛార్జర్‌ను కలిపే ఉంచవచ్చా? ఒకసారి ఛార్జ్ చేస్తే ఎంతసేపు వస్తుంది?

జవాబు: కలిపి ఉంచితే మళ్లీ కరెంటు సరఫరాకు ముడిపడినట్టే, పైగా ఛార్జింగ్‌లో వోల్టేజీ 14.4 వరకు పెరగవచ్చు. అందుకని ఛార్జర్, టర్న్‌టేబుల్ రెండూ ఒకేసారి బ్యాటరీకి తగలకుండా మార్పు స్విచ్ పెట్టండి. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ 200 మిల్లీ ఆంపియర్ల మోటారును లెక్క ప్రకారం 35 గంటలు నడపాలి. లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది కనుక 17 గంటలు వాడగానే ఛార్జ్ చేయండి. వాడని రోజుల్లో కూడా నిండుగా ఛార్జ్ చేసే ఉంచండి.